ఎండ బాగా ఉన్నప్పుడే సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోంది

విజయవాడ పటమటలో మా డాబా మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ సోలార్ (కరెంటు లైనుకు కలిపినది) ఉంది. సింగిల్ ఫేజ్, బ్యాటరీ లేదు. మంచి ఎండలో రోజుకు 12 యూనిట్ల దాకా రావాల్సింది, ఇప్పుడు 8 కూడా దాటడం లేదు. ఉదయం బాగానే నడుస్తుంది. 11 నుంచి 2 మధ్య ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ (లైన్లో వోల్టేజ్ ఎక్కువైంది) అని చూపించి ఆగుతుంది, కాసేపటికి దానంతట అదే మొదలై మళ్లీ ఆగుతుంది. సరిగ్గా కరెంటు ఎక్కువ తయారయ్యే వేళ ఇలా పోతుంటే బాధగా ఉంది.

ఆగే ముందు ఇన్వర్టర్ దగ్గర 260 వోల్టులు, అదే సమయంలో కింద మీటర్ దగ్గర 254. ఇన్వర్టర్ ఆపేస్తే మీటర్ దగ్గర 247. రాత్రి 232.

ప్యానెళ్లు కడిగించాం. ఎలక్ట్రీషియన్ ఎంసీబీ, ఎర్తింగ్, జాయింట్లు అన్నీ చూసి బిగించాడు. తేడా లేదు. మధ్యాహ్నం ఏసీ, మోటారు వేస్తే మాత్రం ఆగదు, కానీ దానికోసం అవసరం లేకుండా కరెంటు ఖర్చు చేయలేం కదా. సోలార్ పెట్టినవాళ్లు లైన్ సమస్య అంటున్నారు. లైన్‌మన్ సాయంత్రం వచ్చి చూసి వోల్టేజ్ బాగానే ఉందన్నారు. ఇన్వర్టర్‌లో వోల్టేజ్ పరిమితి పెంచమని ఒకరు చెప్పారు, ఇంట్లో ఫ్రిజ్, టీవీ పాడవుతాయేమోనని టెన్షన్.

ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా సుమారు 30 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. దీన్ని 6కు మారిస్తే సరిపోతుందా, లేక ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ సర్దే అమరిక) తగ్గించమని ఫిర్యాదు ఇవ్వాల్సిందేనా?