డిస్నీ వెకేషన్ క్లబ్ రీసేల్: పాయింటు 88దా, 100దా?

ఎడిసన్_బాబు:
డిస్నీ వెకేషన్ క్లబ్ అంటే ఏటా వచ్చే పాయింట్లతో డిస్నీ రిసార్టుల్లో బస చేసే టైమ్‌షేర్. అందులో ఫ్లోరిడాలోని సారటోగా స్ప్రింగ్స్ రిసార్టువి రెండు రీసేల్ కాంట్రాక్టులు (ఇప్పటి ఓనర్లు అమ్మేవి) చూసి పెట్టుకున్నాం. రెండూ 160 పాయింట్లవే, 2054 జనవరి దాకా ఉంటాయి.
ఒకటి ఆగస్టు యూజ్ ఇయర్ (దాని పాయింట్ల ఏడాది ఆగస్టులో మొదలవుతుంది), పాయింటు 88 డాలర్లు. 2025వి 0, 2026వి 12, 2027 నుంచి పూర్తిగా 160.
ఇంకోటి డిసెంబరు యూజ్ ఇయర్, పాయింటు 100 డాలర్లు. 2025వి 140, 2026 నుంచి 160.
డ్యూస్ (ఏటా కట్టే నిర్వహణ రుసుము) పాయింటుకు 8.75 డాలర్ల చొప్పున లెక్కేసుకుంటున్నాం. 2027 జూన్‌లో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తారు, మొత్తం ఆరుగురం. 1,920 డాలర్లు మిగులుతాయి కదా, 88దే తీసుకుందామా? వీటితో డిస్నీ వాళ్ల రివేరా రిసార్టులో దిగొచ్చా? ఈ మే (2026) నెలలోనే ఆఫర్ పెట్టాలి.

గోదారి_గట్టు:
88ది చవక కాదండీ, గుల్ల. అమ్మేవాళ్లు 2026 పాయింట్లు కూడా ముందే లాగి వాడేసుకున్నారు. 2027 జూన్ అంటే ఆ కాంట్రాక్టులో ఇంకా 2026 యూజ్ ఇయరే, మీ చేతిలో ఉండేవి 12. 2027వి అరువు తెచ్చుకోవచ్చు, కానీ ఆ తర్వాతి జూన్‌కి 2028వి లాగాలి. అలా ఏటేటా అప్పే.

రెండోదాంట్లో 2025వి 140 దాచుకుంటే అప్పటికి 300 ఉంటాయి. తేడా 288. అన్ని పాయింట్లు ఓనర్ల దగ్గర 19 డాలర్ల లెక్కన అద్దెకు తీసుకుంటే 5,472. వాటి డ్యూస్ 2,520 తీసేసినా 2,952. 1,920 మిగిల్చుకోడానికి అంత వదులుకుంటారా?

దానికి తోడు వీసా సంగతి. బ్యాంకింగ్ (వాడని పాయింట్లను తర్వాతి ఏడాదికి దాచుకోవడం) యూజ్ ఇయర్‌లో మొదటి 8 నెలల్లోనే. ఆగస్టుదైతే గడువు మార్చి 31. పెద్దవాళ్ల వీసా ఏప్రిల్‌లో తిరస్కరిస్తే ట్రిప్ రద్దు చేసుకోగలరు గానీ ఆ పాయింట్లు జూలై 31కి చచ్చిపోతాయి. డిసెంబరుదైతే గడువే జూలై 31, జూన్ ట్రిప్ పోయినా ఆ ఏటివి దాచుకోవచ్చు. చెక్-ఇన్‌కి 30 రోజుల లోపు మాత్రం రద్దు చేయకండి. పాయింట్లు హోల్డింగ్‌లో పడతాయి, 60 రోజుల లోపు బుకింగులకే పనికొస్తాయి.

ఫ్రిస్కో_పిన్ని:
రివేరా కుదరదు బాబూ. 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్న సారటోగా పాయింట్లు రివేరాకీ, దాని తర్వాత వచ్చిన రిసార్టులకీ చెల్లవు. పాత రిసార్టులు 7 నెలల ముందు నుంచి, సారటోగా అయితే 11 నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. ఆరుగురికి స్టూడియో చాలదు. రెండు బెడ్‌రూముల విల్లా వారానికి 160 దాటేస్తుంది. అందుకే ఆ 300 ముఖ్యం.

అయితే ఆ 140తో జాగ్రత్త. అవి 2025వి, నవంబరు 30, 2026తో అయిపోతాయి. 2027 జూన్‌కి వాడాలంటే ఈ జూలై 31 లోపు బ్యాంక్ అవ్వాలి. మీరు మేలో ఆఫర్ పెడితే డిస్నీ తానే కొనుక్కోవాలా వద్దా అని తేల్చడానికి 30 రోజులు. తర్వాత ఎస్టాపెల్ (కాంట్రాక్టులో ఎన్ని పాయింట్లున్నాయో డిస్నీ ఇచ్చే ధ్రువపత్రం), క్లోజింగ్ (అమ్మకం పూర్తి చేయడం), ఆరెంజ్ కౌంటీలో డీడ్ (యాజమాన్య పత్రం) రికార్డు, ఆపైన మీ ఖాతాలోకి పాయింట్లు ఎక్కాలి. ఈలోపు గడువు దాటేస్తుంది. కాబట్టి బ్యాంక్ చేయాల్సింది అమ్మేవాళ్లే, అదీ ఇప్పుడే. ‘140 పాయింట్లు 2026లోకి బ్యాంక్ చేసి ఇవ్వాలి’ అని కాంట్రాక్టులోనే రాయించండి, వాటి డ్యూస్ ఎవరిదో కూడా. ఎస్టాపెల్ రాగానే ఆ అంకెలు సరిచూడండి, తేడా ఉంటే డబ్బు పంపకండి. ఒకసారి బ్యాంక్ చేసినవి మళ్ళీ బ్యాంక్ కావు, ఆ ట్రిప్‌లో ముందు అవే వాడేయండి.

ఎడిసన్_బాబు:
థాంక్స్ అండీ, 100దే అడుగుతాం. దాని ఓనర్లు హైదరాబాద్ వెళ్ళిపోయారట. ఏమైనా తిరకాసా?

గోదారి_గట్టు:
వాళ్లకి అమెరికా పౌరసత్వం ఉంటే ఫర్వాలేదు. పన్ను లెక్కలో ఫారిన్ పర్సన్ అయితే ఫిర్‌ప్టా (విదేశీయులు అమెరికా ఆస్తి అమ్మితే పన్ను పట్టుకునే చట్టం) వర్తిస్తుంది. అమ్మకం ధరలో 15 శాతం, అంటే 16,000కి 2,400, పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్ను శాఖకి) కట్టాలి. కట్టకపోతే అడిగేది కొన్నవాళ్లనే, అంటే మిమ్మల్ని. టైటిల్ కంపెనీ (క్లోజింగ్ జరిపించే సంస్థ) ఆ డబ్బుని ఫారం 8288తో క్లోజింగ్ అయిన 20 రోజుల లోపు పంపుతుందా అని ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. మీరు కట్టే మొత్తం మారదు, వాళ్లకి చేరేది తగ్గుతుంది. కొందరు అది తెలిసి చివర్లో బేరం తప్పిస్తారు. డీడ్‌కి నోటరీ కూడా కావాలి. హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోమనండి, సంతకం పెట్టిన అసలు కాగితం కొరియర్‌లో ఫ్లోరిడా చేరాలి.