వాలెట్ చిరునామాకు పేరు రిజిస్టర్ చేయించుకోవడం మేలా, చేటా?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

అందరికీ నమస్కారం. కర్నూలులో మేం నలుగురం కలిసి విదేశీ క్లయింట్లకు వెబ్‌సైట్లు, లోగోలు చేసి ఇస్తున్నాం. వారిలో కొందరు ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద నడిచే స్టేబుల్‌కాయిన్ (డాలరు వంటి కరెన్సీకి విలువ ముడిపెట్టిన క్రిప్టో నాణెం) రూపంలోనే చెల్లిస్తామంటారు. అందుకని ప్రతి బిల్లు అడుగున మా వాలెట్ చిరునామా, అంటే ఖాతా నంబరు లాంటిది, వేస్తున్నాం. సున్నా, ఎక్స్‌తో మొదలై, వెనక 40 అంకెలూ అక్షరాలూ కలిసి మొత్తం 42 ఉంటాయి. దీని బదులు, చిరునామాకు చదవగలిగే పేరు తగిలించే ఈథీరియం నేమ్ సర్వీస్‌లో డాట్ ఈటీహెచ్‌తో ముగిసే పేరు ఒకటి మా బృందానికి రిజిస్టర్ చేయించాలని నా ప్రతిపాదన. మాలో ఇద్దరు ససేమిరా అంటున్నారు కనుక ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నా వాదన ఇది. 42 అక్షరాలను ఎవరూ చివరిదాకా చదవరు. మొదటి నాలుగూ చివరి నాలుగూ సరిపోయాయా అని చూసి పంపేస్తారు. వాలెట్ యాప్‌లు కూడా మధ్యభాగాన్ని చుక్కలతో కుదించి చూపి ఈ అలవాటును ముదరబెట్టాయి. మోసగాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. మనం తరచూ డబ్బు పంపే చిరునామాకు మొదలూ చివరా సరిపోయే మరో చిరునామాను కంప్యూటర్ల చేత పుట్టించి, దాని నుంచి మన వాలెట్‌కు నామమాత్రపు మొత్తం పంపుతారు. అది మన లావాదేవీల జాబితాలో వచ్చి చేరుతుంది. మరుసటిసారి ఆ జాబితాలోంచే చిరునామా కాపీ చేసుకున్నామా, సొమ్ము వాడి పాలవుతుంది. 2024 మే నెలలో ఒకరు ఇదే పద్ధతిలో మోసపోయి 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఈథీరియం మీద నడిచే బిట్‌కాయిన్ రూపం), అంటే అప్పటి ధరలో దాదాపు 6.8 కోట్ల డాలర్లు, దొంగ చిరునామాకు పంపారు. అందులో ఎక్కువ భాగం తరువాత తిరిగి వచ్చింది గానీ అందరికీ అలా తిరిగి రాదు. చదివితే అర్థమయ్యే పేరు ఉంటే ఈ పాచిక పారదని నా నమ్మకం.

అనంత ఆడిటర్ (అనంతపురం):

మీరు చెప్పిన మోసం నిజమే. దానికి మీరు సూచిస్తున్న విరుగుడుతోనే నాకు పేచీ. పేరు పెట్టుకున్న మరుక్షణం ఆ వాలెట్ ఎవరిదో లోకానికి తెలుస్తుంది. ఈథీరియం లెక్కల పుస్తకం బహిరంగం కనుక, ఆ లెక్కలు చూపే ఈథర్‌స్కాన్ వెబ్‌సైట్‌లో మీ పేరు కొట్టి చూసిన ఎవరికైనా అందులో నిల్వ ఎంత, ఏ రోజున ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నీ కనిపిస్తాయి. దుకాణానికి పేరు బోర్డు కడుతూ గల్లాపెట్టెకు అద్దాల తలుపు బిగించినట్లు ఉంటుంది వ్యవహారం. ఒక క్లయింట్ మీకు ఎంత ఇచ్చాడో ఇంకో క్లయింట్ చూసి, మాకూ అంతకే చేయండని బేరమాడతాడు. అంతకంటే నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. ఒకరి సంగతి ఒకరికి ఇట్టే తెలిసిపోయే మన ఊళ్లలో ఫలానా కుర్రవాళ్ల దగ్గర ఇంత డబ్బుందని, అదీ వాలెట్‌ను తెరిచే రహస్య పదాలు (సీడ్) రాసిన ఒక్క చీటీతో చేతులు మారే డబ్బని నలుగురికీ తెలియడం క్షేమం కాదు.

పేరు లేని చిరునామాకు ఒక సౌకర్యం ఉంది. ఏ క్లయింట్‌కు ఆ క్లయింట్ కోసం కొత్త చిరునామా ఇచ్చుకోవచ్చు. అన్ని చెల్లింపులూ ఒకే పేరు కిందికి తెస్తే ఆ సౌకర్యం చేజారుతుంది. పన్ను శాఖకు దొరుకుతారని నేను అనడం లేదు, లెక్క ఎలాగూ చూపవలసిందే. విదేశీ సేవల సొమ్ము ఈ దారిలో రావడంలో ఫెమా (విదేశీ మారక చట్టం) చిక్కు కూడా ఉంది, దానికి విడిగా చర్చ పెట్టండి.

ఆదోని పత్తి (ఆదోని):

మా యార్డు దగ్గర యూపీఐలో డబ్బు పంపేటప్పుడు ఐడీ కొట్టగానే ఎదుటివారి బ్యాంకు ఖాతాలోని పేరు తెర మీదికి వస్తుంది, అది చూసుకున్నాకే పిన్ నొక్కుతాం. ఆ పేరు వెనక బ్యాంకు ఉంది, కేవైసీ ఉంది. డాట్ ఈటీహెచ్ పేరు వెనక ఎవరున్నారు? ముందు వచ్చి అద్దె కట్టినవాడిదే పేరు. ఇంగ్లీషు లిపిలో కర్నూలు రాస్తే రెండు 'ఓ' అక్షరాలు వస్తాయి. మీ పేరులో ఊరి పేరు కలిపారనుకోండి, అందులో ఒక 'ఓ' చోట సున్నా పెట్టి ఇంకొకడు రిజిస్టర్ చేసుకుంటే ఫోను తెర మీద తేడా కనిపెట్టడం ఎంతమందికి సాధ్యం? చూపుకు ఒకేలా ఉండే రష్యన్ అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల మధ్య దూర్చే పేర్లను ఇప్పటి నియమాలు తోసిపుచ్చుతాయి, అంతవరకు బాగుంది. సున్నాకు మాత్రం అడ్డు లేదు, ఎందుకంటే సున్నా కూడా చెల్లే అక్షరమే.

కడప కోడర్ (కడప):

ఇద్దరూ చెప్పినవి విలువైన మాటలే. అయితే అసలు ప్రమాదం ఇంకోచోట ఉందని నా అభిప్రాయం. చిరునామాకు గడువంటూ ఉండదు. పేరుకు ఉంటుంది.

ఈ సర్వీసు 2017 మే 4న మొదలైనప్పుడు పేర్లను వేలంలో ఇచ్చి, వేలంలో తేలిన ధరను డిపాజిట్‌గా ఉంచుకునేవారు. 2019 నుంచి ఏటా అద్దె కట్టే పద్ధతి వచ్చింది. అప్పుడు పెట్టిన రేట్ల ప్రకారం ఐదు అక్షరాలూ ఆపైన ఉన్న పేరుకు ఏడాదికి 5 డాలర్లు, నాలుగు అక్షరాలకు 160, మూడు అక్షరాలకు 640. గ్యాస్ ఫీజు, అంటే ప్రతి లావాదేవీకి ఈథీరియం నెట్‌వర్క్‌కు కట్టే రుసుము, అదనం. అద్దె ఆగిపోతే పాత యజమానికి 90 రోజుల వెసులుబాటు ఇస్తారు. అదీ దాటితే పేరు అమ్మకానికి వస్తుంది. మొదట్లో అదనపు ధర అందరాని ఎత్తులో ఉండి, 21 రోజుల్లో సున్నాకు దిగుతుంది. ఆ తరువాత ఎవరైనా మామూలు అద్దెకే తీసుకోవచ్చు.

ఇప్పుడు మీ బిల్లుల సంగతి ఆలోచించండి. క్లయింట్ల మెయిళ్లలో, మీ వెబ్‌సైట్ అడుగున, ఎప్పుడో పంపిన పీడీఎఫ్‌లలో ఆ పేరు అలాగే ఉండిపోతుంది. మీరు రెన్యువల్ మరిచిన ఏడాది దాన్ని తీసుకున్నవాడు తన చిరునామాకు తిప్పుకుంటాడు. పాత క్లయింట్ పాత బిల్లు తెరిచి, ఒక్క అక్షరం తప్పులేకుండా మీ పేరే కొట్టి, డబ్బు అతనికి పంపుతాడు. నకిలీ అక్షరం లేదు, దొంగ లింకు లేదు. పైగా ఇది అన్యాయమని చెప్పుకోవడానికి ఏ కార్యాలయమూ లేదు.

రెండో విషయం, పేరు నలుగురిలో ఎవరి చేతిలో ఉంటుందన్నది. పేరు ఎవరి కీ (వాలెట్‌ను నడిపే రహస్య తాళం) కింద ఉంటే వారు అది సూచించే చిరునామాను ఒక్క లావాదేవీతో మార్చగలరు. రేపు మీలో ఒకరు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా, ఫోను పోగొట్టుకున్నా బృందం ఆదాయమంతా ఆ ఒక్క కీతో ముడిపడి ఉంటుంది. కనుక ముగ్గురు సంతకం పెడితేనే కదిలే మల్టీసిగ్ వాలెట్‌లో పేరును ఉంచండి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

గడువు గురించి కడప కోడర్ గారు చెప్పినది మా చర్చల్లో ఎవరూ ఎత్తని అంశం, కృతజ్ఞతలు. ఒకేసారి అనేక ఏళ్లకు అద్దె కట్టే వీలుంది కనుక పదేళ్లకు 50 డాలర్లు, నలుగురికి పంచితే భారం కాదు. పైగా రెన్యువల్ యజమానే చేయాలన్న నియమం లేదు, ఏ వాలెట్ నుంచైనా ఎవరైనా కట్టవచ్చు. కాబట్టి నలుగురి ఫోన్లలోనూ గడువు తేదీ పెట్టుకుంటే ఒకరు మరిచినా ఇంకొకరు కడతారు.

ఆడిటర్ గారి అభ్యంతరానికి నా జవాబు ఇది. పేరు ఉన్న వాలెట్‌ను వసూళ్లకు మాత్రమే వాడి, వచ్చినది వచ్చినట్లు ఎక్స్ఛేంజీకి (క్రిప్టో కొని అమ్మే వేదికకు) తరలిస్తే అందులో నిల్వ చూడటానికి ఏమీ మిగలదు.

అనంత ఆడిటర్ (అనంతపురం):

నిల్వ మిగలదు గానీ జాడ మిగులుతుంది. ఎవరు ఎంత పంపారన్నది ఆ వాలెట్ చరిత్రలో చెరగకుండా ఉంటుంది. నా అభ్యంతరం సగమే తీరింది.

కడప కోడర్ (కడప):

ఆడిటర్ గారితో ఈ విషయంలో ఏకీభవిస్తాను. జాడ తెలిసినా ఫరవాలేదనుకునే పనులకే పేరు తీసుకోవాలి. తీసుకోదలిస్తే ప్రక్రియ గురించి ఒక మాట. రిజిస్ట్రేషన్ రెండు లావాదేవీల్లో జరుగుతుంది. మొదటిదానిలో పేరు బయటపడకుండా సంకేతరూపంలో వెళుతుంది. కనీసం ఒక నిమిషం ఆగాక రెండోదానిలో అసలు పేరు వెల్లడవుతుంది. మన లావాదేవీని గమనించినవాడు మనకంటే ముందు దూరి పేరు తన్నుకుపోకుండా చేసిన ఏర్పాటు ఇది. ఆ నిమిషం చూసి పని అయిపోయిందనుకుని పేజీ మూసేయకండి, రెండో లావాదేవీ పూర్తయ్యేదాకా పేరు మీది కాదు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

మా నలుగురిలో ఇప్పుడు ముగ్గురం ఒప్పుకున్నాం. ఊరి పేరు కలపం, సున్నా పెట్టడానికి వీలులేని అక్షరాలతోనే పేరు ఎంచుకుంటాం. బిల్లు మీద పేరూ, దాని పక్కనే 42 అక్షరాల పూర్తి చిరునామా కూడా వేస్తాం.

ఆదోని పత్తి (ఆదోని):

పూర్తి చిరునామా ఎలాగూ వేస్తున్నప్పుడు పేరుకు అద్దె కట్టడం దేనికి?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

క్లయింట్ పేరు కొట్టగానే వాలెట్ యాప్ ఒక చిరునామా చూపుతుంది. అది బిల్లులో వేసినదానితో సరిపోకపోతే డబ్బు పంపకుండా ముందు మాకు ఫోను చేయమని బిల్లు మీదే రాస్తాం. పేరు ఇతరుల చేతికి పోయినా అక్కడ పట్టుబడుతుంది, చిరునామాను ఎవరైనా మార్చినా అక్కడే పట్టుబడుతుంది. ఏడాదికి 5 డాలర్లు దీనికోసమే కడుతున్నాం.