అప్‌డేట్: మల్కాజిగిరి పాత ఇల్లు, ఒక్కో గదీ

నాన్నగారు కట్టించిన ఇంటిని ఒకేసారి బాగుచేయించాలా, అందులో ఉంటూనే ఒక్కో గదీ చేయించుకోవాలా అని మార్చిలో అడిగాను. ముందు చెమ్మ సంగతి చూడమన్నారు మీరు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. వంటింటి గోడ పెచ్చులూడటానికి కారణం వెనకాల బాత్‌రూమ్ పైపు లీకేజీ! పైపు మార్చి, పాత ప్లాస్టరింగ్ ఇటుక దాకా కొట్టించి, కొత్తది వేయించి 7 రోజులు నీళ్లు పట్టాం. మేస్త్రి తొందరపెట్టినా గోడ పూర్తిగా ఆరేదాకా పుట్టీ వేయనివ్వలేదు. కుళాయిలు రాణిగంజ్‌లో కొన్నాం.

పాత టేకు తలుపు పారేయడానికి మనసొప్పలేదు. ఆదివారాలు నేనే శాండ్ పేపర్‌తో రుద్ది నూనె పడుతున్నాను, ఎంత హాయిగా ఉందో! సాయంత్రం ఆరింటికి పని బంద్. తర్వాత డాబా మీద మొక్కలు, అమ్మ వీణ. హాలు సంక్రాంతి తర్వాతే.