వార్తల్లో శాతాలు రాయాలా, మనుషుల లెక్క రాయాలా?

పేపర్‌పిచ్చి: 2021 జులైలో ఎక్కడ చూసినా కోవాగ్జిన్ సమర్థత 77.8 శాతం అనే హెడ్డింగే. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చాలామంది దాన్ని ఎలా చదివారంటే, టీకా వేసుకున్న వందమందిలో 22 మందికి జబ్బు ఖాయమని! మనుషుల మీద టీకాని పరీక్షించిన ట్రయల్‌లో అసలు లెక్క చూడండి. టీకా వేసుకున్న 8,471 మందిలో లక్షణాలతో కోవిడ్ వచ్చింది 24 మందికి. టీకా లేని సూది వేయించుకున్న 8,502 మందిలో 106 మందికి. ఇదే రాస్తే పోయేదిగా? శాతాలు మానేయాలంటాను.

లెక్కలపంతులు: మానేస్తే ఇంకో గోల. మీ అంకెల ప్రకారం వెయ్యికి ముగ్గురు ఒకవైపు, పన్నెండు మంది ఇంకోవైపు. "తేడా తొమ్మిది, పది మందేగా, ఈ మాత్రానికి సూదెందుకు" అనరూ? ఆ తేడా ట్రయల్ జరిగిన కొన్ని నెలలది. ఊళ్లో వైరస్ ఎక్కువుంటే అదీ పెరుగుతుంది. 77.8 అంతగా కదలదు.

స్టాఫ్‌నర్స్: పంతులుగారూ, శాతం ఒక్కటే చెబితే ఏమవుతుందో బ్రిటన్‌ని అడగండి. 1995లో కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు, అంటే 100 శాతం పెరుగుతుందని హెచ్చరించారు. నిజానికి 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి. భయపడి చాలామంది మాత్రలు ఆపేశారు. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అదనంగా 13,000 దాకా అబార్షన్లు జరిగాయని అంచనా.

డెస్క్‌మనిషి: సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో మీ 8,471 పట్టదండీ. నేనైతే ఇలా రాస్తా: "టీకా లేనివాళ్లలో వందమందికి కోవిడ్ వచ్చే చోట, వేసుకున్నవాళ్లలో 22 మందికే." అసలు అంకెలు మొదటి పేరాలో.

పేపర్‌పిచ్చి: అదీ శాతమేగా, వేషం మార్చారంతే.

డెస్క్‌మనిషి: శాతమే. కానీ దేంట్లో శాతమో చెప్పింది. మీ అపార్ట్‌మెంట్‌వాళ్లకి అందనిది అదే కదా.

లెక్కలపంతులు: ఇది ఒప్పుకుంటా. ఇంకోటి, మార్చిలో 81 అన్నది జులైకి 77.8 అయ్యేసరికి టీకా పవర్ తగ్గిందని మా స్టాఫ్‌రూమ్‌లో ఒకటే చర్చ. మార్చి అంకె 43 కేసులతో తేల్చింది, జులైది 130తో. పైగా జులై అంకె అసలు హద్దులు, అంటే నిజమైన సమర్థత ఉండే అవకాశమున్న పరిధి, 65 నుంచి 86 వరకు. 81 అందులోనే ఉంది. హద్దులు కూడా వేస్తారా?

డెస్క్‌మనిషి: లోపల వేస్తాం. హెడ్డింగ్‌లో వేస్తే, కంపెనీకే తెలీదా అని ఫోన్లొస్తాయి.

లెక్కలపంతులు: రానివ్వండి. దశాంశం దాకా వేసి అంత నమ్మకంగా చెప్పడం కంటే అదే నయం.