సైగలు నేర్పిస్తే పిల్లకి మాట రాదా?

పర్లాకిమిడి పిన్ని: మా అక్క కూతురికి మూడేళ్లు. పుట్టుచెవుడు. ఆపరేషన్ చేయించి, వినబడడానికి చెవిలో కాక్లియర్ మిషన్ పెట్టించి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు మాటలు నేర్పే థెరపీ మేడమ్ సైగలు పూర్తిగా మానేయమంటున్నారు. చేతులు అలవాటైతే నోరు కదలదట. ఇంట్లో తెలుగు, థెరపీలో ఒడియా. దాని టెన్షన్ వేరే. ఏం చేయమంటారు?

గుణుపురం నాన్న: మేడమ్ మాట వినండి. మావాడికి నాలుగేళ్లప్పుడు పెట్టించాం. మనది ఒడిశా కార్డు, అవతల ఆంధ్రావైపు పాతపట్నం వాళ్లకున్న ఆరోగ్యశ్రీ మనకి రాలేదు. ఎకరం అమ్మాను. వారం వారం విశాఖ రైలెక్కి థెరపీకి తిప్పాను. రెండేళ్లపాటు ఇంట్లో సైగ అన్నది కనబడనివ్వలేదు. ఇప్పుడు ఎనిమిదో తరగతి, ఫోన్లో కూడా మాట్లాడతాడు.

బరంపురం చెవిటోడు: గ్రూపులో ఈ పేరు నేనే పెట్టుకున్నాను, ఎవరూ జాలిపడక్కర్లేదు. మిషన్ వద్దనను. నా గొడవంతా ‘మానేయండి’ అన్న మాటతోనే. 1880లో మిలాన్‌లో టీచర్లు సభ పెట్టి బడుల్లో సైగలు వద్దని తీర్మానించారు. ఆ రోగం నా బడిదాకా వచ్చింది. సైగ చేస్తే వేళ్లమీద స్కేలుదెబ్బ. పెదాలు చూసి అర్థం చేసుకోమనేవారు. అద్దం ముందు నిలబడి గొంతు రానివ్వకుండా ‘పాపా, బాబా, మామా’ అనండి. ఏది ఏదో చెప్పండి.

రాయగడ కుర్రాడు: ఇప్పుడే అన్నాను. మూడూ ఒకటే.

గుణుపురం నాన్న: మావాడు పెదాలు చూడడు, వింటాడు. పోలికే తప్పు.

బరంపురం చెవిటోడు: మిషన్ తీసి పడుకున్నాక? స్నానమప్పుడు? బ్యాటరీ అయిపోతే?

గుణుపురం నాన్న: స్నానానికి ఇప్పుడు కవర్లొచ్చాయి.

బరంపురం చెవిటోడు: నేనడిగింది కవర్ల గురించి కాదు.

గుణుపురం నాన్న: స్నానం అన్నది మీరే కదా.

జైపూర్ టీచరమ్మ: పిన్నిగారూ, నేర్పితే యూట్యూబ్‌లో అమెరికావాళ్లది చూసి నేర్పకండి. వాళ్ల అక్షరాలు ఒంటిచేత్తో, మనవి రెండు చేతులతో. ఢిల్లీలో ఉన్న ప్రభుత్వ సైగభాష సంస్థ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ నిఘంటువు వీడియోలు పెట్టింది. 2021కి పదివేల పదాలయ్యాయి.

గుణుపురం నాన్న: పదివేలు నేర్చుకుని ఎవరితో మాట్లాడాలండీ? కిరాణా కొట్టువాడికి వచ్చా? కండక్టరుకి వచ్చా? మీరు మీరు మాట్లాడుకోవడానికే కదా!

బరంపురం చెవిటోడు: కొట్టువాడితో కాగితం మీద రాసుకుంటాను, బతికిపోతాను. ఇంట్లోనే కుదరలేదు. మా నాన్న పోయేముందు మూడు రోజులు ఏదో చెబుతూనే ఉన్నారు. గడ్డం పెరిగిపోయింది, పెదాలు అందలేదు. అన్నయ్య పక్కనే ఉన్నాడు. ఏమన్నారని తర్వాత అడిగితే ‘ఏం లేదులేరా, మామూలే’ అన్నాడు. పన్నెండేళ్లయింది. ఇప్పటికీ అదే జవాబు. మా ఇంట్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెయ్యి కదిపి ఉంటే! మాట నేర్చుకునే పనంతా నాదే, మీవాడిదే. మీరేం నేర్చుకున్నారు?

రాయగడ కుర్రాడు: అన్నగారూ, నెమ్మది.

గుణుపురం నాన్న: ఎకరం పోగొట్టుకున్నవాణ్ణి ఏం నేర్చుకున్నావని అడుగుతారా?

(మర్నాడు)

గుణుపురం నాన్న: నిన్న కోపంలో వెళ్లిపోయాను. ఒక మాట చెప్పలేదు. రెండేళ్ల కిందట మావాణ్ణి చెవిటివాళ్ల కలయికకి ఒకసారి తీసుకెళ్లాను. వాడికి ఒక్క సైగా రాదు. అయినా అరగంటలో వాళ్లతో కలిసి చేతులు ఊపేస్తూ నవ్వుతున్నాడు. ఇంట్లో అలా నవ్వగా చూడలేదు. నావైపు తిరగనే లేదు. మళ్లీ తీసుకెళ్లలేదు. నాకున్నది వాడొక్కడే.

బరంపురం చెవిటోడు: మీరూ వాళ్ల మధ్య కూర్చోవాల్సింది.

గుణుపురం నాన్న: కూర్చున్నాను. ఎందుకు నవ్వుతున్నారో ఒక్క ముక్క తెలియలేదు. అడిగితే ఒకాయన తర్వాత చెప్తానన్నట్టు చెయ్యి ఊపాడు.

పర్లాకిమిడి పిన్ని: సోమవారం మళ్లీ మేడమ్ దగ్గరికి వెళ్లాలి. రాత్రి మిషన్ తీసేశాక పిల్ల పాలు చేత్తోనే అడుగుతోంది. అక్క ఇచ్చేస్తోంది. అది మేడమ్‌కి ఇంకా చెప్పలేదు.