కోతికి తిండి, ఏనుగుకు స్నానం, పులిపిల్లతో ఫోటో: డబ్బు కట్టకముందు ఏం అడగాలి?

దారిపొడుగు అడిగిన ప్రశ్న:

విహారయాత్రల ప్యాకేజీల్లో జంతువుల కార్యక్రమాలు చాలా కనిపిస్తున్నాయి. కోతులకు తినిపించడం, ఏనుగుకు స్నానం చేయించడం, పులిపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఫోటో, డాల్ఫిన్లతో ఈత. దాదాపు అన్నిటికీ 'రెస్క్యూ సెంటర్' అనో 'శాంక్చురీ' అనో పేరు తగిలిస్తారు. పేరు చూసి మోసపోకుండా, ఏది జంతువుకు హానో ముందే తెలుసుకోవడం ఎలా? ఇంకో సందేహం. అడవి జంతువు తనంతట తానే మన దగ్గరికి వస్తే, ఇష్టపడే వచ్చిందనుకోవచ్చా?

నీటికాకి:

రెండో ప్రశ్న ముందు చూద్దాం, అసలు విషయం అందులోనే ఉంది. అడవి జంతువు మనిషి దగ్గరికి తనంతట తాను వచ్చిందంటే, ఎవరో ఇంతకుముందు దానికి తిండి పెట్టారనే ఎక్కువసార్లు అర్థం. పదిమందిలో ఒక్కరు పెట్టినా చాలు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని తిండి కోసం అది ఇంకా గట్టిగా వెంటపడుతుంది. మిగతా తొమ్మిదిమంది దగ్గర దొరక్కపోతే లాక్కుంటుంది.

ఇండోనేసియాలో బాలి దీవిలోని ఉలువాటు గుడి దగ్గరి కోతులు ఇందులో ఆరితేరాయి. కళ్ళద్దాలు, ఫోన్లు ఎత్తుకెళ్ళి, తిండి ఇస్తేనే వదులుతాయి. 2021లో అచ్చయిన పరిశోధన ప్రకారం, వయసు వచ్చిన కోతులు మనుషులు ఎక్కువ విలువిచ్చే వస్తువుల్నే ఎంచుకుంటున్నాయి. తిండి ఒకటి చేతిలో పడగానే వస్తువు వదిలేయకుండా బేరం కూడా ఆడతాయి.

సముద్రంలోనూ ఇదే వరస. కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ దీవి దగ్గర పర్యాటకులు స్క్విడ్ తినిపించే టేకుచేపలు (స్టింగ్‌రేలు) సహజంగా రాత్రిపూట ఒంటరిగా తిరిగేవి. ఇప్పుడవి పగలంతా గుంపుగా పడవల చుట్టూ ఉంటాయి, ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, పడవలు తగిలి గాయపడతాయి. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్‌లో తిమింగల సొరలకు (వేల్ షార్కులకు) పడవ మీంచి సన్న రొయ్యలు వేస్తారు. పడవంటే తిండి అని అవి నేర్చుకున్నాయి. తిండి వేసే పడవకూ ఇంజిన్ పడవకూ తేడా వాటికి తెలియదు, అందుకే వాటి ఒంటిమీద ప్రొపెల్లర్ గాట్లు.

కోతుల చోటికి వెళ్తే తిండి కవర్లు బయటికి కనిపించనివ్వకండి. కళ్ళలోకి గుచ్చి చూడకండి, వాటి లెక్కలో అది సవాలు. పళ్ళు బయటపెట్టడం నవ్వు కాదు. ఆవలించినట్టు నోరు బాగా తెరిచినా చాలాసార్లు బెదిరింపే. వస్తువు పట్టుకుంటే లాగకండి, ఎక్కువ కాట్లు పడేది ఆ లాగులాటలోనే. కరిచినా, రక్తం రాకుండా గీరినా సబ్బు పెట్టి పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్న గీతే కదా అని వదిలేయకూడదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

అంకుశం:

బంధించి పెంచే జంతువుల గురించి నేను చెప్తాను.

పిల్లలతో ఫోటోలు తీయించే చోట ఒక్క ప్రశ్న చాలు: 'ఏడాది పొడుగునా పిల్లలే ఉన్నాయి, మరి పెద్దవైనవి ఏమయ్యాయి?' పులిపిల్ల, సింహంపిల్ల ఒళ్ళో పెట్టుకునేంత చిన్నగా ఉండేది కొన్ని నెలలే. ఆ సరఫరా ఆగకూడదంటే పిల్లల్ని తల్లి నుంచి తొందరగా విడదీయాలి, అప్పుడది మళ్ళీ త్వరగా ఎదకు వస్తుంది. నిజమైన రక్షణ కేంద్రం కొత్త పిల్లల్ని పుట్టించదు. థాయిలాండ్‌లో 'టైగర్ టెంపుల్'గా పేరుపడ్డ చోటి నుంచి 2016లో అధికారులు 137 పులుల్ని తరలించారు, అక్కడి ఫ్రీజర్లో 40 చనిపోయిన పిల్లలు దొరికాయి. ఏళ్ళ తరబడి పర్యాటకులు పులుల పక్కన ఫోటోలు దిగిన చోటు అది.

స్లో లోరిస్ అని పెద్ద కళ్ళ చిన్న జంతువును వీధుల్లో ఫోటోల కోసం అద్దెకిస్తారు. చక్కిలిగింత పెడితే చేతులు పైకెత్తుతుంది, అందరూ ముచ్చటపడతారు. దాని మోచేతి లోపలి వైపు విషగ్రంథి ఉంటుంది. చేతులెత్తేది ఆ గ్రంథిని నోటికి దగ్గర చేసుకుని కాపాడుకోవడానికి. కరవకుండా ముందే పళ్ళు కత్తిరించేస్తారు, ఆ గాయాలు చీము పట్టి చాలా చనిపోతాయి. రాత్రి తిరిగే ఆ కళ్ళకు ఫ్లాష్ ఇంకో హింస.

ఏనుగు మీద సవారీ వద్దని ఇప్పుడు చాలామందికి తెలుసు. స్నానం మాత్రం మంచిదే అనుకుంటారు. కొత్త మనిషి ఒళ్ళు రుద్దుతుంటే కదలకుండా నిలబడే ఏనుగు ఆ సాధుత్వం పుట్టుకతో తెచ్చుకోలేదు, భయపెట్టి నేర్పించిందే. పైగా ఏనుగు స్నానం చేశాక మట్టి చల్లుకుంటుంది, ఎండ నుంచీ పురుగుల నుంచీ దానికదే రక్ష. రోజుకు ఐదారు బృందాలు వచ్చి ఆ మట్టి కడిగేస్తే చర్మానికి ఏం మిగులుతుంది?

అడగాల్సినవి: రాత్రి ఎక్కడ ఉంటుంది, గొలుసు ఎంత పొడుగు, రోజులో ఎన్ని గంటలు వదిలి మేపుతారు. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది, మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం దానికే పోతుంది. వెళ్ళాక చెవి వెనక అంకుశం గుచ్చిన మచ్చలు చూడండి. పాదాలు, గోళ్ళు పగిలాయా చూడండి, సిమెంటు నేల మీద గంటలకొద్దీ నిలబెడితే అలా అవుతాయి. తల అదే పనిగా అటూ ఇటూ ఊపుతుంటే సంగీతానికి ఆడుతోందని గైడ్ అంటాడు. అది ఒత్తిడికి గుర్తు.

గాడిదలు, గుర్రాల సవారీకి కొలత ఒకటుంది. గ్రీస్‌లో సాంటొరీనీ గాడిదల మీద జనం గోల పెట్టాక 2018లో 100 కిలోలు, లేదా జంతువు బరువులో ఐదో వంతు మించకూడదన్నారు. ఐదో వంతు లెక్క ఎక్కడైనా పనికొస్తుంది.

మూడోకన్ను:

పై ఇద్దరూ చెప్పింది నిజం. కానీ తాకకుండా, తినిపించకుండా దూరం నుంచి చూసినా హాని జరగొచ్చు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో చీతాలపై 2018లో వచ్చిన అధ్యయనం చూడండి. పర్యాటకుల తాకిడి తక్కువగా ఉన్న చోట ఒక్కో తల్లి కాన్పుకు సగటున 2.3 పిల్లల్ని పెంచి పెద్ద చేస్తే, తాకిడి ఎక్కువున్న చోట 0.2. చీతా వేటాడేది పగలు. చుట్టూ వాహనాలు మూగితే వేట చెడుతుంది, కొట్టిన వేటనూ వదిలేసి వెళ్ళొచ్చు. కడుపు నిండని తల్లి పిల్లల్ని సాకలేదు. డ్రైవర్‌తో బయల్దేరకముందే చెప్పండి: 'దగ్గరికి పోనక్కర్లేదు, ఇంకో నాలుగు బళ్ళుంటే మనం ఆగొద్దు.' చాలామంది డ్రైవర్లు దగ్గరికి తోలేది మన టిప్పు కోసమే.

హవాయిలో స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా వేటాడి, పగలు లోతు తక్కువ తీరానికి వచ్చి నిద్రపోతాయి. పర్యాటకులు ఈతకు దిగేది సరిగ్గా ఆ వేళకే. అందుకే 2021 నుంచి అక్కడ తీరానికి దగ్గరలో వాటికి 50 గజాల లోపు వెళ్ళడం నిషేధం. తిమింగలాల విషయంలో ఆస్ట్రేలియా మార్గదర్శకాలు బాగుంటాయి: తిమింగలానికి 100 మీటర్లు, డాల్ఫిన్‌కు 50. తిమింగలానికి 300 మీటర్ల లోపు చేరితే వేగం 6 నాట్లు (గంటకు సుమారు 11 కిలోమీటర్లు) దాటకూడదు. ఎదురుగా వెళ్ళి దారి కాయకూడదు, వెనక నుంచి తరమకూడదు. పక్కగా, దానికి సమాంతరంగా వెళ్ళాలి.

గొరిల్లాలకు, చింపాంజీలకు అసలు ప్రమాదం మన ఊపిరి. ఐవరీ కోస్ట్‌లోని టాయ్ అడవిలో చింపాంజీలు చనిపోతే, వాటి ఒంట్లో మనకు జలుబు తెచ్చే వైరస్‌లు దొరికాయని 2008లో బయటపడింది. అందుకే గొరిల్లా యాత్రల్లో గుంపుకు 8 మందే, ఒక్క గంటే, ముఖానికి మాస్కు, మధ్య 7 మీటర్ల దూరం. కోవిడ్ తర్వాత 10 మీటర్లు చేశారు. ముక్కు కారుతుంటే ఆ రోజు కొండెక్కకండి, కట్టిన డబ్బు పోయినా సరే.

దారిపొడుగు:

చాలా ఉపయోగపడింది. అందరం ఇలా మానేస్తే, ఇప్పటికే బంధీగా ఉన్నవాటికి తిండి ఎవరు పెడతారు?

అంకుశం:

న్యాయమైన భయమే. 2020లో పర్యాటకులు ఒక్కసారిగా ఆగిపోతే థాయిలాండ్‌లో ఏనుగుల్ని మేపలేక ఎందరో యజమానులు వాటిని సొంత ఊళ్ళకు నడిపించుకుపోయారు. జంతువు బతుకంతా టికెట్ల మీద ఆధారపడితే జరిగేది ఇదే. అందుకని డబ్బు ఆపేయకండి, చోటు మార్చండి. దూరంగా నిలబడి చూడనిచ్చే, పిల్లల్ని పుట్టించని కేంద్రానికే టికెట్ కొనండి. 'తాకొచ్చా' అంటే 'లేదు' అనే చోటే మీరు వెతుకుతున్నది.

మూడోకన్ను:

అడవి జంతువులకైతే పద్ధతిగా నడిచే పర్యాటకం మేలే చేసింది. ఆ గొరిల్లా టికెట్ల డబ్బు కాపలాకు, వైద్యానికి పనికొచ్చింది. 2018 నాటికి కొండ గొరిల్లాల సంఖ్య వెయ్యి దాటింది, అంతరించే ముప్పు జాబితాలో ఒక మెట్టు కిందికి దిగాయి. బుక్ చేసేముందు ఆపరేటర్‌కు రాసి అడగండి: గుంపులో ఎంతమంది, కనీస దూరం ఎంత, అది దాటితే గైడ్ ఏం చేస్తాడు. మూడో దానికి తడుముకుంటే ఇంకొకరిని చూసుకోండి.