సమస్యాపూరణం: భర్త లేఖను చదువక భార్య మురిసె

నిర్వాహకుడు: కార్గిల్ నాటి ఉత్తరాల గురించి చదువుతుంటే ఈ తేటగీతి (ఒక పద్య ఛందస్సు) పాదం తట్టింది, రాత్రంతా వదల్లేదు. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. సరిహద్దు నుంచి మొగుడి జాబు వచ్చింది. చదవకుండానే ఇల్లాలు ఎందుకు మురిసింది? 'చదువక'ను వేరే పదాలుగా విరిచి, అర్థం మార్చి తప్పించుకోవద్దు.

గౌతమీతీరం: టైగర్ హిల్ మన చేతికొచ్చింది 1999 జులై 4న. ఆ తర్వాతి రోజుల్లో ఒక ఇంట్లో...

కొండ గెలిచిరి యను వార్త కూడ వినియు
మగని జాడయె తెలియక మగువ కుంద,
పోస్టు ముద్రలో తేదీని పొడగనగనె
భర్త లేఖను చదువక భార్య మురిసె

ఓరుగల్లు: ఎత్తుగడ బాగుంది. కానీ ముద్ర చెప్పేది జాబు తపాలాలో పడ్డ రోజు. రాసిచ్చి కొండెక్కినవాడి సంగతి ముద్రకేం తెలుసు? మూడో పాదం 'లేఖ తలపైన తేదీని లేమ కాంచి' అనండి. ఇక నా పూరణ:

జాబు గొని విప్పబోయెడు సమయమందె
గడప ముందట నిలబడగ కదన విజయి
సంచి నేలను జారగ, సంతసమున
భర్త లేఖను చదువక భార్య మురిసె

గౌతమీతీరం: 'తలపైన' తేదీ కనబడాలంటే మడత విప్పాలి. విప్పిన ఇల్లాలు తేదీ దగ్గరే ఆగుతుందా? ముద్ర పైనే ఉంటుంది. సైనిక తపాలా ముద్రలో ఊరి పేరుండదు, నంబరూ తేదీయే. 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) అన్న చిరునామాలోనూ ఊరుండదు. ఆమెకు దొరికేది ఆ తేదీ ఒక్కటే, నేను మార్చను. అన్నట్టు 'జాబు–సమయ' యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) చూసి సంతోషించాను. పోయిన నెల నేను జకారానికి సకారం వేస్తే తప్పుపట్టింది తమరే!

ఓరుగల్లు: అక్కడ మీరు 'జలధి'కి 'సీమ' వేశారు. హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ఇప్పటికీ అదే మాట.

నిర్వాహకుడు: పాత సమస్య కిందే తేల్చుకోండి. ఓరుగల్లుగారూ, రెండో పాదం మూడో గణం చూడండి. 'నిలబడగ' ఐదు లఘువులు (పొట్టి అక్షరాలు), అక్కడ ఉండాల్సిన ఇంద్రగణం కాదు. 'నిలువగ' అంటే సరి. సంచి జారడం మాత్రం కళ్లకు కట్టింది.

సిరిమల్లె:

అక్షరము రాని యిల్లాలి కతడు పంపె
కాగితమ్మున తన చేయి కలముతోడ
గీచి, యా గీతపై చేయి కీలుకొలిపి
భర్త లేఖను చదువక భార్య మురిసె

గౌతమీతీరం: అమ్మా, నమస్కారం. కాగితం మీద ఆ అయిదు వేళ్లు కనబడ్డాయి. నేను తేదీ దగ్గరే ఆగిపోయాను, ఓరుగల్లుగారైతే మనిషినే దింపేశారు, లేఖకు పనే లేకపోయింది.

ఓరుగల్లు: పని లేకపోవడమే నా పూరణలో చమత్కారం. సిరిమల్లెగారి పద్యానికి మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా బాగా అతుకుతుంది. 1915లో ఫ్రాన్సు నుంచి మన సిపాయిలు పంపే జాబుల్ని సెన్సారు చదివేది. అందుకే భారతీయ సైనికుల్ని నల్లమిరియాలనీ, తెల్లవాళ్లని ఎర్రమిరపకాయలనీ గుట్టుగా రాసుకునేవారు. చేతి గీతలో ఏ సెన్సారు తప్పు పడతాడు? ఒక్క అభ్యంతరం: 'చేయి' రెండుసార్లు వచ్చింది. రెండోది ఎవరిదో చెప్పలేదు.

సిరిమల్లె: ఎవరిదో తేలకుండా ఉండాలనే అలా వేశాను. మార్చనండి.

నిర్వాహకుడు: మార్చొద్దు. ఆదివారం రాత్రి దాకా గడువుంది, మిగతావాళ్లు కానివ్వండి.